రంగు కన్నా ముందు

దుమ్ము లేచే పనులన్నీ ముందు, స్ప్రే గన్ పట్టే పని ఆఖరున. రాత్రే అలా అనుకున్నాను కాబట్టి పొద్దున్నే కారు ఫెండర్ దగ్గర, అంటే చక్రం మీది రేకు దగ్గర, కూర్చున్నాను.

పోయిన వారం దానికి ఫిల్లర్ ప్రైమర్, అంటే రంగు కింద గీతలు పూడ్చే పూత, వేసి వదిలేశాను. చూడ్డానికి నున్నగానే ఉంది. కానీ ప్రైమర్‌కి మెరుపుండదు, అందుకని ఎత్తుపల్లాలు కంటికి ఆనవు. రంగు, దాని మీద క్లియర్ అనే పారదర్శక మెరుపు పూత పడ్డాకే అన్నీ బయటపడతాయి. అందుకే నల్ల స్ప్రే దూరం నుంచి పల్చగా తుంపర కొట్టి, 400 నంబరు వాటర్ పేపర్ రబ్బరు దిమ్మెకి చుట్టి, తడుపుతూ రుద్దాను. ఎత్తున్న చోట నలుపు వెంటనే పోయింది. చక్రం పైన వంపు దగ్గర మాత్రం ఆవగింజంత చుక్కలు కొన్ని మిగిలాయి. పల్లాలన్న మాట. దిమ్మె పక్కన పెట్టి వేలితో ఆ చుక్కల్నే రుద్దేయాలనిపిస్తుంది. రుద్దితే నలుపు పోతుంది, పల్లం ఇంకాస్త లోతవుతుంది. చుట్టుపక్కల రుద్దుతూ పోవాలి, లేదంటే మళ్లీ ఫిల్లర్ వేయాలి. ఇంతలో పైన మడత గీత మీద సన్నగా రేకు తళుక్కుమంది. అక్కడికి ఆపేశాను. నీళ్లు తగిలిన పచ్చి రేకు చూస్తుండగానే ఎర్రబడుతుంది కాబట్టి వెంటనే తుడిచి ఆరబెట్టాను.

తర్వాత తలుపు. కింది అంచున పైకి కనిపించింది గోరంత పొక్కే. గీకితే అరచేయంత తుప్పు తేలింది. 80 నంబరు గరుకు పేపర్‌తో తెల్లటి రేకు వచ్చేదాకా గీకి, గుంటల్లో ఇరుక్కున్న నలుపుని వైరు బ్రష్‌తో తీశాను. పాత పెయింటు అంచుని 180తో, ఆపైన 320తో ఏటవాలుగా అరగదీస్తుంటే వలయాలు బయటపడ్డాయి. మధ్యలో రేకు, దాన్ని ఆనుకుని ఫ్యాక్టరీలో కరెంటుతో పట్టించిన పల్చటి పూత, ఆ తర్వాత ప్రైమర్, ఎరుపు, చివర క్లియర్. ఇంత పల్చటి ఒంటి మీద ఇన్ని బట్టలా అనిపిస్తుంది. వలయాలు ఎంత వెడల్పుగా పరుచుకుంటే అంచు అంత బాగా కుదిరినట్టు. కళ్లు మూసుకుని వేలితో రాసినా మెట్టు తగలకూడదు.

ఇక్కడే తమ్ముడు వచ్చాడు. “అన్నయ్యా, ఫెండర్‌కి వేసిందే దీనికీ కొట్టేయొచ్చుగా? ప్రైమర్ ప్రైమరే కదా” అన్నాడు. కాదురా అని మొదలుపెడితే వాడు ఫోన్ తీశాడు, అయినా చెప్పాను. పైన ఏ రంగు వేస్తామన్నదాని కంటే కింద ఏముందన్నదే ప్రైమర్‌ని తేలుస్తుంది. ఫిల్లర్ ప్రైమర్ పని గీతలు పూడ్చడం. తేమని అది పీల్చుకుంటుంది. పచ్చి రేకు మీద అదొక్కటే వేస్తే, పైన రంగు నిగనిగలాడుతుండగానే కింద తుప్పు మళ్లీ పని మొదలుపెడుతుంది. రేకుకి కావలసింది ఎచ్ ప్రైమర్, లేదా ఎపాక్సీ. ఎచ్‌లో ఉన్న యాసిడ్ రేకుని కొద్దిగా కొరికి పట్టు తెస్తుంది. పల్చగా పడుతుంది, తొందరగా ఆరుతుంది. ఎపాక్సీ రెండు డబ్బాలు కలుపుకునే రకం. నిదానంగా ఆరుతుంది గానీ తేమని గట్టిగా ఆపుతుంది, దాని మీద పుట్టీ కూడా నిలుస్తుంది. ఎందుకైనా మంచిదని రెండూ ఒకదాని మీద ఒకటి వేసేవాళ్లున్నారు. ఎచ్‌లోని యాసిడ్ ఎపాక్సీని సరిగా గట్టిపడనివ్వకపోవచ్చు కాబట్టి అది మంచికి బదులు చెడే. తుప్పు చూసిన రేకు కదా, నా ఓటు ఎపాక్సీకే.

“మరి బంపర్?” అన్నాడు, వింటున్నాడన్నమాట. అది ప్లాస్టిక్, దాని మందు వేరు. ముందు అడ్హీషన్ ప్రమోటర్, అంటే ప్లాస్టిక్‌కి పూత అంటుకునేలా చేసే మందు, పడాలి. అది ఇవాళ్టి పని కాదు.

నేల మీద నీళ్లు చిలకరించి దుమ్ము అణిచాక తుడవడం మొదలుపెట్టాను. నిజంగా ప్రైమర్ నిలిచేది ఇక్కడే. గ్రీజు తీసే మందుతో తడిపిన గుడ్డ ఒక చేత్తో, పొడిగుడ్డ ఇంకో చేత్తో. తడి గుడ్డ రాసిన వెంటనే, మందు ఎగిరిపోకముందే పొడిగుడ్డతో ఎత్తేయాలి. లేకపోతే జిడ్డు కరిగి, చోటు మారి, మళ్లీ అక్కడే కూర్చుంటుంది. ఆ తర్వాత అరచెయ్యి తగలనివ్వలేదు. మాస్కింగ్ టేపుని అంచున చదునుగా అతికించకుండా వెనక్కి మడిచి వదిలాను. ప్రైమర్ అక్కడ గోడ కట్టకుండా మెల్లగా పల్చబడి ఆగుతుంది.

ఎపాక్సీని డబ్బా మీద రాసిన పాళ్లలోనే కలిపాను. కాసేపు మాగనివ్వమని కూడా దాని మీదే ఉంది, మాగనిచ్చాను. ఫిల్టర్ ఉన్న మాస్కు, గ్లవ్స్, కళ్లజోడు. ఐసోసైనేట్ హార్డెనర్ (గట్టిపరిచే మందు) కలుపుకోవాల్సిన టూకే రకం ఫిల్లర్ పనితనం ఎంత బాగున్నా ఇంట్లో ముట్టుకోను. దానికి బయటి గాలి గొట్టంలో అందే మాస్కు కావాలి, వాసన రాలేదు కదా అని ధైర్యపడడానికి లేదు. అందుకే నేను వేసేది హార్డెనర్ అక్కర్లేని ఫిల్లర్. నెమ్మదిగా ఆరుతుంది, ఆరుతూ కాస్త కుంగుతుంది, ఆ ఆలస్యానికి ఒప్పుకున్నాను.

మొదటి కోటు రేకు వరకే, పల్చగా. జానెడు దూరంలో, మణికట్టు తిప్పకుండా చెయ్యంతా జరుపుతూ, ప్రతి వరస ముందుదాన్ని సగం కప్పేలా. తడి మెరుపు పోయాక రెండోది, ఇంకాస్త వెడల్పుగా. ఫెండర్ మడత మీద బయటపడ్డ గీతకీ పనిలో పనిగా ఇదే పూసేశాను. ఎరుపు రంగుకి కప్పే శక్తి తక్కువ, కింద ఒకచోట నలుపూ ఒకచోట బూడిదా ఉంటే పైకి తెలిసిపోతుంది. అందుకే తలుపుకీ ఫెండర్‌కీ ఒకే బూడిద ఛాయ వచ్చేలా చూసుకుంటున్నాను.

గన్ వెంటనే థిన్నర్‌తో కడిగేశాను, ఎపాక్సీ లోపల గట్టిపడితే దాన్ని పారేయాల్సిందే. డబ్బా మీద చెప్పిన గడువు దాటకముందే రేపు ఫిల్లర్ పడితే మళ్లీ పేపర్ కొట్టక్కర్లేదు. రేపే రంగు కూడా అయిపోతుందని తమ్ముడు లెక్కేసుకున్నాడు. ఫిల్లర్ కుంగడం ఆగేదాకా రంగు లేదు, వచ్చే ఆదివారం చూద్దామన్నాను. వాడికి నచ్చలేదు.