దుమ్ము మాటున పేలిన నక్షత్రం కోసం

ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం పోయిన వేసవి అంతా పర్లాకిమిడిలో మా మేడ మీద గదిలోనే గడిపాను. పని చెప్పడానికి చిన్నదే. కంటికి కనబడని పరారుణ కాంతిని పట్టే స్పిట్జర్ అంతరిక్ష టెలిస్కోపు ఒకే గెలాక్సీని వేర్వేరు తేదీల్లో తీసిన రెండు చిత్రాలను దించుకుని, ఒకదానిలోంచి మరొకటి తీసివేయాలి. మారనివన్నీ పోయి, కొత్తగా వెలిగినది మిగలాలి.

నేను ఎంచుకున్నది ఎం82 అనే గెలాక్సీ. దూరం సుమారు 1.2 కోట్ల కాంతి సంవత్సరాలు. అక్కడ నక్షత్రాలు జోరుగా పుడుతున్నాయి, వాటిలో భారీవి తొందరగానే పేలిపోతాయి. అయితే నక్షత్రాలు పుట్టే చోటే దుమ్ము దట్టంగా ఉంటుంది, మామూలు వెలుగును మింగేస్తుంది. పరారుణ కాంతి మాత్రం చాలావరకు దాటుకుని వస్తుంది.

తొలి తీసివేతలో గెలాక్సీ నడుమ నల్లటి, తెల్లటి చారలు మిగిలాయి. వెలుగు నల్లగా కనబడేలా తెర పెట్టుకున్నాను. చారల మధ్య ఒక నల్లచుక్క చూసి, దొరికిందనే అనుకున్నాను. మరో జత చిత్రాల్లో అది పక్కకు జరిగింది! నక్షత్రం అలా జరగదు. కారణం పట్టుకోవడానికి నాలుగు రోజులు పట్టింది. స్పిట్జర్ చిత్రంలో నక్షత్రం గుండ్రంగా పడదు, దాని అంచులు వంకరగా ఉంటాయి. తేదీని బట్టి టెలిస్కోపు వాలు మారుతుంది కాబట్టి ఆ వంకరా తిరుగుతుంది.

అప్పుడు 2014 ఆరంభంలో తీసిన చిత్రానికి, తర్వాతి సంవత్సరాల్లో దాదాపు అదే కాలంలో తీసిన దాన్ని జత చేశాను. చారలు బాగా తగ్గాయి. కేంద్రానికి కాస్త దూరంగా ఒకే ఒక్క చుక్క నిలిచింది. టీ తెచ్చిన అమ్మ తెర చూసి, "ఏమిటే అది, కాటుక చుక్కలా ఉంది?" అంది. అది 2014 జనవరి 21న బయటపడిన ఎస్ఎన్ 2014జె అనే సూపర్‌నోవా, అంటే పేలిన నక్షత్రం. మామూలు టెలిస్కోపులకూ చిక్కినదే, నా పద్ధతికి పరీక్షగా పెట్టుకున్నాను. అయినా చేతులు వణికాయి.

అసలు కష్టం నడిబొడ్డులో ఉంది. అదే గెలాక్సీలో ఎస్ఎన్ 2008ఐజెడ్ పేలిన సంగతి 2009లో రేడియో పరిశీలనల వల్లే తెలిసింది. 40 దుమ్ము గెలాక్సీలను స్పిట్జర్‌తో గాలించిన ఒక బృందానికి 9 సూపర్‌నోవాలు దొరికాయి, వాటిలో 5 మామూలు కాంతి సర్వేలకు చిక్కనివి. వాళ్లనూ ఈ వంకరే ఏడిపించింది. అందుకే ఉత్త తీసివేత మాని, వంకరతో సహా గెలాక్సీని, నక్షత్రాన్ని కలిపి లెక్కగట్టి చిత్రంతో పోల్చారు. ఇప్పుడు నేను ఆ లెక్కే నేర్చుకుంటున్నాను.