గడియారానికి కీ ఇచ్చిన పిల్లాడు

పదో తరగతిలో నేను రాసిన మొదటి కథ నోటుబుక్కు ఇంకా నా దగ్గరే ఉంది. పేజీల నిండా మా తెలుగు మాస్టారి ఎర్ర సిరా. ఈ సంచికకి ఏదైనా రాయమనగానే ముందు దాన్నే బయటికి తీశాను.

కథ చిన్నది. నాన్నంటే హడలిపోయి, ఆయన గది గడప కూడా తొక్కని పిల్లాడు, నాన్న పోయాక మారతాడు. చివర్లో "ఇప్పుడు వాడు పెద్దవాడయ్యాడు" అని రాసి తెగ మురిసిపోయాను. మాస్టారు ఆ వాక్యం కొట్టేసి, "నువ్వు చెబితే నేనెందుకు నమ్మాలిరా? ఆ ఇంట్లో చూపించు" అన్నారు.

నాకేం అర్థం కాలేదు. గోడలు, కిటికీలు అన్నీ వర్ణించి, నాన్న పోయిన రోజు కుండపోత వాన కూడా కురిపించి పట్టుకెళ్లాను. అదీ కొట్టేశారు. అప్పుడు క్లాసులో గురజాడ ‘దిద్దుబాటు’ చదివి వినిపించారు. 1910 నాటి కథ. బాగా పొద్దుపోయి ఇంటికొచ్చిన గోపాలరావు చీకటి గదిలో అగ్గిపుల్ల వెలిగిస్తాడు, మంచం మీద భార్య కమలిని కనపడదు, పుల్ల చేతిలోంచి జారిపోతుంది, గదిలోనూ మనసులోనూ ఒక్కసారే చీకటి. ఆ చీకటి రచయిత పైనుంచి తెచ్చి పోసింది కాదు, అతని చెయ్యి పట్టు తప్పబట్టి వచ్చింది, గమనించారా అని మాస్టారు రెండుసార్లు అడిగారు. చివరికి తన తప్పు తను తెలుసుకున్నాక మంచం కిందనుంచి కమలిని నవ్వు. గది అదే, మంచం అదే. మారింది అతను.

నా వానలో లేనిది అదే. పాత్ర ఏడవగానే మబ్బు పట్టే కథలు నాకు ఇప్పటికీ నచ్చవు, అందులో మబ్బు పని చేస్తోంది తప్ప మనిషి ఏమీ చెయ్యట్లేదు. అదే ఒక చోటుని రెండుసార్లు చూపించి, మొదటిసారి ఆ మనిషి కంటికి ఆననిది రెండోసారి ఆనితే, వాడిలో ఏం కదిలిందో చదివేవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు.

మళ్లీ రాశాను, ఈసారి హాల్లో గోడ గడియారం ఒక్కటే ఉంచుకుని. మొదట్లో పిల్లాడికి దాని గంటలంటే టెన్షన్, ఆరు కొడితే నాన్న వచ్చేస్తాడు. దానికి వారానికోసారి కీ ఇవ్వాలన్న సంగతే వాడికి తెలీదు. నాన్న పోయిన కొన్నాళ్లకి ఓ సాయంత్రం, ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉందేంటని తలెత్తితే ముళ్లు నాలుగుంబావు దగ్గర ఆగిపోయి ఉన్నాయి. వాడు స్టూలు తెచ్చి, ఎక్కి, కీ బిగిసేదాకా తిప్పి, లోలకాన్ని వేలితో కదిపి, అది ఆడుతోందో లేదో చూస్తూ కాసేపు అక్కడే నిలబడ్డాడు.

మాస్టారు ఈసారి ఏమీ కొట్టెయ్యలేదు. చివరి వాక్యం కింద ఎర్ర సిరాతో ఒక ప్రశ్న మాత్రం రాశారు: "స్టూలు ఎక్కడినుంచి తెచ్చాడు?"

ఆ రాత్రంతా ఆలోచించి, పొద్దున్నే ఒక్క ముక్క కలిపాను. నాన్న గదిలోంచి.