గడ్డం ఛాతీకి ఆనుతదా?

ఈ రోజు పొద్దంతా సర్వే ఫారంతోనే సరిపోయింది. నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి మండలాల ఊళ్లకు వెళ్లబోయే పరిశోధక విద్యార్థులకు శిక్షణ. వైకల్య అధ్యయన కేంద్రం నడపడమంటే సెమినార్లు పెట్టడమని చాలామంది అనుకుంటారు. నిజానికి ఎక్కువ పొద్దు పోయేది ఒక ప్రశ్నను ఎట్లా అడగాలన్న దాని మీదే. అడిగే తీరును బట్టే ఎవరు లెక్కలోకి వస్తారో, ఎవరు జారిపోతారో తేలుతుంది.

"మీ ఇంట్ల వికలాంగులు ఎవరన్న ఉన్నరా?" అని అడిగితే "లేరు సార్" అంటారు. ఆ మాట అంటున్నప్పుడే వెనకాల అరుగు మీద నడుం వంగిపోయిన నాయనమ్మ కూర్చుని ఉంటుంది. ఇంటివాళ్ల లెక్కలో అది ముసలితనం, అంతే. 2011 జనగణనలో దేశం మొత్తం మీద 2.68 కోట్ల మందే, అంటే జనాభాలో 2.21 శాతమే తేలారు. నేరుగా వైకల్యం గురించి అడిగితే చాలామంది బయటపడరు. అందుకే వైకల్య గణాంకాల కోసం ఐక్యరాజ్యసమితి కింద ఏర్పడిన వాషింగ్టన్ గ్రూప్ వారి ఆరు ప్రశ్నలు వాడుతున్నాం. చూపు, వినికిడి, నడక లేదా మెట్లెక్కడం, జ్ఞాపకం లేదా మనసు పెట్టడం, స్నానం చేయడం లేదా బట్టలు కట్టుకోవడం, ఎదుటివాళ్ల మాట అర్థం చేసుకోవడం లేదా తన మాట వాళ్లకు అర్థమయ్యేలా చెప్పడం. ప్రశ్నల్లో వైకల్యం అన్న మాటే రాదు. ప్రతిదానికీ నాలుగు జవాబులు: ఇబ్బంది లేదు, కొంత ఉంది, చాలా ఉంది, అసలు చేయలేరు. ఆరింటిలో ఒక్కదానికైనా "చాలా" లేదా "అసలు" వస్తే ఆ మనిషి లెక్కలోకి వచ్చినట్టే. కొత్తవాళ్లు "ఇబ్బందుందా, లేదా?" అని తుంచి అడిగి, మిగతాది తామే ఊహించి టిక్కు పెడతారు. అప్పుడు "కొంత"కూ "చాలా"కూ మధ్య గీత చెరిగిపోతుంది. నాలుగూ చదివి వినిపించాలి, ఆరు ప్రశ్నలకూ, ఎంత విసుగొచ్చినా.

నల్లగొండలో ఈ ఆరూ చాలవు. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగిన మనిషికి మెడ, వెన్ను, తుంటి బిగుసుకుపోతాయి. మెల్లగా నడుస్తుంది కాబట్టి నడక ప్రశ్నకు "కొంత" అంటుంది. కానీ వెనక లారీ హారన్ కొడితే మెడ తిప్పి చూడలేదు. కింద కూర్చుంటే పట్టుకోకుండా లేవలేదు. బిందె నెత్తికి ఎత్తుకోలేదు. ఇవి మూడూ అదనపు ప్రశ్నలుగా చేర్చాం. వాటితో పాటు చేయించి చూసే పనులు మూడు: మోకాళ్లు వంచకుండా కాలి బొటనవేళ్లు అందుకోవడం, గడ్డం ఛాతీకి ఆనించడం, చేతులు చాచి మడిచి తల వెనక తాకించడం. నొప్పి అన్న క్షణంలో ఆపేయాలి, బలవంతంగా వంచడానికి వీల్లేదు. ఇది రోగ నిర్ధారణ కాదని ఇంటివాళ్లకు ముందే చెప్పాలి. అనుమానం ఉన్నవాళ్లను డాక్టరు దగ్గరికి పంపాలి.

తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. మిషన్ భగీరథతో కృష్ణా నీళ్లొచ్చాయి కనుక ఇక ఈ సర్వే ఎందుకని అడిగేవాళ్లున్నారు. వంగిన వెన్ను మంచినీళ్లతో తిరిగి నిలబడదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఫ్లోరోసిస్ (ఈ ఫ్లోరైడ్ జబ్బు) పేరు విడిగా లేదు. సర్టిఫికెట్ పింఛనులాంటి వాటికి పనికి రావాలంటే కీళ్ల కదలిక దెబ్బతిన్నదని చూపించి చలన వైకల్యం కింద 40 శాతం తెచ్చుకోవాలి. ఆ అంకెకు కింద మిగిలిపోయినవాళ్ల గురించి కాగితం మీద చెప్పగలిగేది మాలాంటి కేంద్రాలే. నాకు ఈ పని మీద ఇంత పట్టుదల అందుకే.

జవాబు ఎవరు చెబుతున్నారన్నది కూడా రాసుకోవాలి. కొడుకు చెప్పిన తల్లి ఇబ్బంది వేరు, తల్లి చెప్పేది వేరు. పత్తి తీసే రోజుల్లో ఆడవాళ్లు దొరికేది పొద్దుగూకాకే. పాలమూరు వైపు వలస ఊళ్లలో సగం ఇళ్లకు తాళాలుంటాయి, అక్కడికి పండుగలకే పోవాలి. ఇక వికలాంగుల పింఛను. 2023లో అది 4,016 రూపాయలకు పెరిగింది. ఫారం చూడగానే కొందరికి అది వస్తుందన్న ఆశ, కొందరికి పోతుందన్న భయం. రెండూ జవాబును మారుస్తాయి. పింఛనుకూ ఈ సర్వేకూ సంబంధం లేదన్న వాక్యం సమ్మతి పత్రంలో మొట్టమొదటి వాక్యంగా ఉండాలి. చదువు రానివాళ్లకు చదివి వినిపించి, సాక్షి ముందు వేలిముద్ర తీసుకోవాలి.

మధ్యాహ్నం ఒక కార్యాలయం నుంచి వచ్చిన సర్క్యులర్ మా చూపులేని పరిశోధకుడి కంప్యూటర్‌లో అర్థంలేని అక్షరాలుగా పలికింది. అను ఫాంటులో కొట్టిన ఫైలు. తెరమీద తెలుగులా కనిపించినా లోపల ఉన్నవి ఇంగ్లిషు అక్షరాల కోడ్‌లే, తెరమీది అక్షరాలను చదివి వినిపించే ఎన్‌వీడీఏ సాఫ్ట్‌వేర్ వాటినే చదువుతుంది. ఏ కంప్యూటరైనా తెలుగుగానే గుర్తించే యూనికోడ్‌లోకి మార్చాలి, మార్చాక ఒత్తులు, అంకెలు మనిషి సరిచూడాలి. స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితే ఇంకా కష్టం, అది ఉత్త బొమ్మ. వాట్సాప్‌లో ఫొటో పంపేవాళ్లు అందులో ఉన్నది కింద నాలుగు లైన్లు టైపు చేసి పెడితే ఈ పని సగం తగ్గుతుంది.

సాయంత్రం కొత్త ర్యాంపు ప్లాను చూశాం. గుమ్మం ఎత్తు 45 సెంటీమీటర్లు. ఒకటికి పన్నెండు వాలు కావాలంటే పొడవు 5.4 మీటర్లు రావాలి. ప్లానులో 2 మీటర్లే ఉంది. ఆ వాలులో చక్రాల కుర్చీ ఎక్కించాలంటే వెనక ఇద్దరు నెట్టాలి, దిగేటప్పుడు ముందుకు పడిపోతారు. పైన తలుపు ముందు 1.5 మీటర్ల చదును లేదు, కుర్చీ ఆపుకుని తలుపు తీసేదెట్లా? నున్నటి టైల్స్ వద్దని, రెండు వైపులా పట్టుకునే రాడ్లు, అంచున చిన్న గట్టు కావాలని రాసి వెనక్కి పంపాం. కింద బండ్లు నిలపకుండా గీతలు కూడా అడిగాం.

రాత్రి బడ్జెట్. సైగల భాష దుభాషికి, తోడు వచ్చేవాళ్ల చార్జీలకు, బిల్లు ఇవ్వని ఆటోల వోచర్లకు మొదటి ప్రతిపాదనలోనే విడి పద్దులు పెట్టాలి. తర్వాత అడిగితే ఏ హెడ్ కింద అంటారు, ఫైలు అక్కడే ఆగుతుంది. గంట దాటే సమావేశానికి దుభాషులు ఇద్దరు ఉండాలి, ఒక్కరైతే అలసిపోయి మాటలు వదిలేస్తారు. ఊళ్లలోని చెవిటివాళ్లలో చాలామందికి ఇంటి సైగలే తప్ప బడిలో నేర్పే సైగలు రావు. అందుకని అదే ప్రాంతపు చెవిటి మనిషి ఒకరిని క్షేత్ర సహాయకుడిగా తీసుకోవడానికి ఇంకో పద్దు చేర్చాను. మిగతా సిబ్బందికి ఇచ్చే రోజుకూలే ఆయనకూ.