బొమ్మ కింద సన్నటి అక్షరాలు

16, 17 శతాబ్దాల కేథలిక్ అచ్చుబొమ్మ కనిపిస్తే మరియమ్మ ముఖం కన్నా ముందు కింది అంచు చదవండి. పేరు పక్కన లాటిన్‌లో ‘ఇన్వెనిట్’ అని ఉంటే బొమ్మ కల్పించినవాడు, ‘స్కల్ప్‌సిట్’ అయితే రాగి రేకు చెక్కినవాడు, ‘ఎక్స్‌కుడిట్’ అయితే అచ్చేసి అమ్మినవాడు. ‘సుపీరియోరుమ్ పెర్మిస్సు’ అన్నది చర్చి పైవాళ్ల అనుమతి. ‘కుమ్ ప్రివిలేజియో’ దానికి సంబంధించింది కాదు, ఇంకొకరు నకలు కొట్టకుండా రాజో పోపో ఇచ్చిన గుత్తహక్కు. చాలామంది ఈ రెంటినీ కలిపేస్తారు. అక్కడే లెక్క తప్పుతుంది.

బిషప్పు ఒప్పుకోనిదే అలవాటులో లేని బొమ్మ ఎక్కడా పెట్టకూడదని 1563 డిసెంబరులో కేథలిక్ బిషప్పుల ట్రెంట్ మహాసభ తీర్మానించింది. చర్చి ఇంకా గుర్తించని పుణ్యపురుషుల తల చుట్టూ కాంతివలయం వేయొద్దని 1625లో ఎనిమిదో అర్బన్ పోపు హయాంలో ఆజ్ఞ వచ్చింది.

ఇంత గట్టి కట్టడి రాగి రేకు దగ్గర ఎందుకు సడలిందో తెలియాలంటే పని తీరు చూడాలి. మన విశాఖ దంతపు పెట్టెల మీద గీత చెక్కి నల్ల లక్క నింపేవారు కదా, ఇక్కడా గాడిలోనే నలుపు. కాకపోతే అది కాగితం మీదికి రావాలి. గాడి అంచున లేచిన రాగి పొరను గీకేయాలి, లేదంటే సిరా అంటుకుని గీత మసకబారుతుంది. రేకు కాస్త వేడిచేసి, సిరా పూసి, పైపైన తుడిచి, తడి కాగితం పరిచి రోలర్ల మధ్య నొక్కుతారు. పొడి కాగితం గాడిలోకి దిగదు, గీతలు తెగిపోతాయి.

అచ్చులో కుడి ఎడమలు తారుమారవుతాయి. నకలు చేసేవాడు ఉన్నదున్నట్టు చెక్కేస్తే క్రీస్తు ఎడమచేత్తో దీవిస్తాడు, ఈటె గాయం ఎడమ పక్కకి పోతుంది. అక్షరాలు సరిగ్గా ఉండి చెయ్యి మాత్రం మారితే నకలేమోనని అనుమానించండి. ఆ ఒక్క గుర్తుతోనే తేల్చేయకండి.

వేలల్లో అచ్చులు తీస్తే గీతలు అరిగిపోతాయి, మళ్లీ లోతుగా చెక్కుతారు. రేకు చేతులు మారితే పాత పేరు గీకి, వెనక నుంచి సుత్తితో కొట్టి చదును చేసి, కొత్త పేరు చెక్కుతారు. వెలుగుకి పెట్టి చూస్తే ఒక్కోసారి పాత అక్షరాల జాడ కనబడుతుంది. అనుమతి మాట మాత్రం అలాగే మిగిలిపోవచ్చు. అంచున ఆ మాట ఉన్నంత మాత్రాన మీ చేతిలోని ప్రతిని బిషప్పు చూశాడని నమ్మలేం.

కేథలిక్ సన్యాసి సంఘమైన జెస్యూట్లు ఇంకో దారి పట్టారు. 1593లో ఆంట్‌వెర్ప్‌లో (నేటి బెల్జియం) వచ్చిన, జెస్యూటు నడాల్ సువార్త చిత్రాలు 153. బొమ్మలోనే ఏ, బీ, సీ అని అక్షరాలు వేసి, ఏది ముందు చూడాలో, అక్కడ ఏం జరుగుతోందో కింద రాశారు. అనుమతి ముద్ర కన్నా ఇదే బలమైన అధికారమని నా అభిప్రాయం. కానీ జెస్యూట్లు తెచ్చిన బొమ్మలను మొగలు చిత్రకారులు రంగుల్లో తిరగవేసినప్పుడు, కింది లాటిన్ వరసలను చాలాసార్లు వదిలేశారు.