యూరియా తగ్గింది, దురద తగ్గలేదు

నాన్న డయాలసిస్ రిపోర్టు రాగానే నేను ముందు వెతికేది కేటీ/వీ, అంటే ఒక సెషన్‌లో రక్తం ఎంత శుభ్రమైందో చెప్పే నంబరు. 1.2 కంటే తగ్గకూడదు, 1.4 ఉంటే మంచిది అంటారు. ఆ నెల సరిగ్గా 1.4 వచ్చింది, నేను ఊపిరి పీల్చుకున్నాను, ఆయన మాత్రం ఆ రాత్రంతా వీపు గోక్కుంటూ మంచం మీద కూర్చునే ఉన్నారు. రిపోర్టు ఇంత బాగుంటే మనిషికి ఎందుకు బాగోలేదని డాక్టర్‌ని అడిగాను. దురదకి ఫాస్ఫరస్ దగ్గర్నుంచి చాలా కారణాలుంటాయని చెప్పి, "ఆ నంబరు యూరియా సంగతే చెబుతుందమ్మా" అన్నారు.

అప్పట్నుంచి దొరికిందల్లా చదువుతున్నాను. యూరియా అణువు బరువు 60 డాల్టన్లే (అణువుల బరువు కొలిచే యూనిట్), ఫిల్టర్ పొరలోంచి ఇట్టే దాటిపోతుంది. బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ అనే ప్రోటీన్ దాదాపు 11,800, మామూలు లో-ఫ్లక్స్ (చిన్న రంధ్రాల) ఫిల్టర్ దాన్ని దాటనివ్వదు, ఏళ్ల తరబడి పేరుకుంటే కీళ్లలో, మణికట్టులో చేరి నొప్పి పెడుతుంది. వీటన్నిటికంటే మొండివి ఇండాక్సిల్ సల్ఫేట్, పీ-క్రెసిల్ సల్ఫేట్ అనే విషాలు. సైజు చిన్నదే కానీ 90 శాతానికి పైగా రక్తంలోని అల్బుమిన్ అనే ప్రోటీన్‌ని అంటిపెట్టుకుని ఉంటాయి, అల్బుమిన్‌ని మనం పోగొట్టుకోకూడదు కాబట్టి విడిగా తిరిగే ఆ కాస్తే బయటికి పోతుంది. వీటికి మూలం పేగుల్లోని బాక్టీరియా, అందుకే మలబద్ధకాన్ని చిన్న విషయంగా వదిలేయకండి. ఇంకా కొద్దిగా మూత్రం వస్తుంటే దాన్ని కాపాడుకోండి, మిషన్ తీయలేని ఇలాంటి వాటిని ఆ మిగిలిన కిడ్నీయే తీస్తుంది. దాన్ని దెబ్బతీయొచ్చు కాబట్టి డాక్టర్‌ని అడగకుండా నొప్పి మాత్రలు వేసుకోవద్దు.

పెద్ద అణువుల కోసం హీమోడయాఫిల్ట్రేషన్ ఉంది, ఇందులో నీటి ప్రవాహంతో కూడా విషాలను లాగుతారు. 2023లో వచ్చిన కన్విన్స్ ట్రయల్‌లో 1,360 మందిని చూశారు, సెషన్‌కి అలా కనీసం 23 లీటర్ల ప్రవాహం లక్ష్యంగా పెట్టుకున్నారు. మరణాలు హై-ఫ్లక్స్ (పెద్ద రంధ్రాల ఫిల్టర్) డయాలసిస్‌లో 21.9 శాతం, హీమోడయాఫిల్ట్రేషన్‌లో 17.3 శాతం. నాకు ఆశ కలిగిన మాట నిజమే, కాకపోతే అంత ప్రవాహం సాధ్యమయ్యే వాళ్లనే అందులోకి తీసుకున్నారు.

అంతకంటే ముందు నన్ను కుదిపేసింది టైమ్. వారానికి 168 గంటలు, కిడ్నీ అన్ని గంటలూ పనిచేస్తుంది, మిషన్‌కి మనం ఇచ్చేది మూడు సెషన్లూ కలిపి 12. ఫాస్ఫరస్ కణాల్లోంచి రక్తంలోకి మెల్లగా వస్తుంది, దాన్ని తొందరపెట్టలేం. నాన్నేమో కాళ్లు పట్టేస్తున్నాయని అరగంట ముందే ఆపించేసేవారు, షిఫ్ట్ మారే హడావిడిలో సెంటర్ వాళ్లూ సరేననేవారు, రక్తపరీక్ష రోజు మాత్రం నాలుగు గంటలూ జరిగేది! ఇక ఆ 1.4 కి అర్థమేముంది? సెషన్‌కి అరగంట అంటే ఏడాదికి 78 గంటలు, పందొమ్మిది పూర్తి సెషన్లకు పైనే. లెక్క కాగితం మీద వేసి చూపించాను, నాన్న చాలాసేపు మాట్లాడలేదు.

ఇప్పుడు ఉప్పు బాగా తగ్గించాం, దాహం తగ్గింది, సెషన్ల మధ్య బరువు తక్కువ పెరుగుతోంది, నీళ్లు నెమ్మదిగా తీస్తుంటే కాళ్లు అంతగా పట్టేయడం లేదు, నాలుగు గంటలూ ఉంటున్నారు. హీమోడయాఫిల్ట్రేషన్ గురించి డాక్టర్‌ని అడిగితే, ఫిస్టులా (డయాలసిస్ కోసం చేతిలో ధమనిని సిరతో కలిపిన చోటు) లోంచి రక్తం నిమిషానికి 280 మిల్లీలీటర్లు దాటడం లేదు, దానికి అది తక్కువ, ముందు అదెందుకో తెలియాలన్నారు. వచ్చే వారం డాప్లర్ (రక్తప్రవాహం చూసే స్కాన్) ఉంది.