1.6 రాకర్ ఆర్మ్‌లే ఎందుకు తీసుకున్నానంటే

నా కారులో ఉన్నది షెవర్లే స్మాల్ బ్లాక్ 350 ఇంజన్. వాల్వ్ సీళ్ల కోసం వాల్వ్ కవర్లు ఎలాగూ తీయాల్సి వచ్చింది కాబట్టి, ఎప్పటినుంచో అనుకుంటున్న రాకర్ ఆర్మ్‌ల సంగతి కూడా ఇప్పుడే తేల్చేద్దామనుకున్నాను. ఇదే ఆలోచనలో ఉన్నవాళ్లకు నేనెలా ఎంచుకున్నానో చెబితే పనికొస్తుంది.

రాకర్ ఆర్మ్ తూగుడుబల్ల లాంటిది. ఒక కొసను పుష్‌రాడ్ (క్యామ్ కదలికను రాకర్‌కు చేర్చే కడ్డీ) పైకి నెడితే రెండో కొస వాల్వ్‌ను కిందికి నొక్కుతుంది. కానీ ఆనిక సరిగ్గా మధ్యలో ఉండదు, వాల్వ్ వైపు పొడవు ఎక్కువ. ఈ ఇంజన్‌కు కంపెనీ ఇచ్చిన నిష్పత్తి 1.5. అంటే క్యామ్ లోబ్ (క్యామ్‌షాఫ్ట్ మీది ఉబ్బు) 7.62 మిల్లీమీటర్లు ఎత్తితే వాల్వ్ 11.43 మిల్లీమీటర్లు తెరుచుకుంటుంది. 1.6 రాకర్ పెడితే అదే క్యామ్‌తో 12.19 వస్తుంది. క్యామ్ మార్చాలంటే రేడియేటర్, ఇన్‌టేక్, టైమింగ్ కవర్ అన్నీ ఊడదీయాలి. రాకర్లకు వాల్వ్ కవర్లు తీస్తే చాలు. నన్ను లాగింది ఇదే.

అయితే ఆ ముప్పావు మిల్లీమీటరు ఊరికే రాదు. వాల్వ్‌ను మూసే స్ప్రింగ్ అంతమేర ఎక్కువ నొక్కుకుపోతుంది. పూర్తిగా తెరుచుకున్నప్పుడు చుట్టలు ఒకదానికొకటి ఆనకుండా కనీసం ఒకటిన్నర మిల్లీమీటర్ల ఖాళీ మిగలాలి. వాల్వ్ పిస్టన్‌కు దగ్గరవుతుంది కాబట్టి ఆ ఖాళీ కూడా కొలవాలి. 1.6 రాకర్‌లో పుష్‌రాడ్ ఆనే గుంట స్టడ్ (రాకర్‌ను హెడ్ మీద నిలిపే బోల్టు) వైపు జరుగుతుంది, అందువల్ల కొన్ని హెడ్లలో పుష్‌రాడ్ వెళ్లే రంధ్రం అంచుకు రాసుకుంటుంది. పైగా వాల్వ్ అంతే సమయంలో ఎక్కువ దూరం వెళ్లి రావాలి. స్ప్రింగ్ నీరసంగా ఉంటే ఎక్కువ ఆర్‌పీఎం దగ్గర వాల్వ్ అదుపు తప్పుతుంది. ఇవన్నీ చూడకుండా 1.6 కొనడం కంటే మంచి 1.5 రాకర్లు వేసుకోవడం మేలని గట్టిగా నమ్ముతాను.

పాతవి రేకును అచ్చులో నొక్కి చేసినవి. మధ్యలో అర్ధగోళం లాంటి ముక్క మీద రాసుకుంటూ ఊగుతాయి. రాపిడి, వేడి ఎక్కువగా పుట్టేది అక్కడే. కొసన మాత్రమే రోలర్ ఉన్న రకం కొంచెం చవక, కానీ మధ్యలో రాపిడి అలాగే ఉంటుంది. అందుకే ఆనిక దగ్గర కూడా నీడిల్ బేరింగ్ (సూదుల్లాంటి సన్నటి రోలర్లున్న బేరింగ్) ఉన్న ఫుల్ రోలర్ తీసుకున్నాను.

ఇక అల్యూమినియమా, స్టీలా? అల్యూమినియం తేలిక కాబట్టి అదే మంచిదని చాలామంది అంటారు. కానీ మొత్తం బరువు కంటే ఆ బరువు ఎక్కడుందన్నదే ముఖ్యం. ఆనికకు దూరమయ్యేకొద్దీ దాని ప్రభావం దూరం వర్గంతో పెరుగుతుంది. స్టీల్ గట్టిది కాబట్టి ముక్కు సన్నగా చేయొచ్చు, అల్యూమినియం అయితే మందంగా ఉంచాలి. ఇంకో లెక్క చూడండి. 2000 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో రాకర్ నిమిషానికి 1000 సార్లు, గంటకు 60,000 సార్లు ఊగుతుంది. అల్యూమినియం అలా వంగి వంగి ఏదో ఒకనాటికి అలిసిపోయే లోహం. తరచూ విప్పి చూసుకునే రేసు ఇంజన్‌కు ఫరవాలేదు. రోజూ తిరిగే నా కారుకు క్రోమియం, మాలిబ్డినం కలిపిన క్రోమ్‌మాలీ స్టీలే సరైందనిపించింది.

ఎల్‌ఎస్ ఇంజన్ (స్మాల్ బ్లాక్ తర్వాతి తరం వీ8) ఉన్న నా స్నేహితుడికి మాత్రం రాకర్లు మార్చొద్దనే చెప్పాను. ఆ ఇంజన్‌తో వచ్చే రాకర్ల బాడీ బలంగా, తేలికగా ఉంటుంది. బలహీనతంతా ట్రనియన్‌లోనే, అంటే రాకర్ ఊగే ఇరుసు దగ్గరే. అందులోని నీడిల్స్‌కు పంజరం ఉండదు, బయటపడితే ఇంజన్ లోపలికే జారిపోతాయి. ట్రనియన్ కిట్ వేస్తే చాలు.

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇవ్వాల్సింది పుష్‌రాడ్ పొడవుకు. కొత్త రాకర్ వేశాక పాత పొడవే సరిపోతుందనుకోకూడదు. వాల్వ్ కొసకు మార్కర్ పూసి, తేలికపాటి చెకింగ్ స్ప్రింగ్, సాలిడ్ లిఫ్టర్ (క్యామ్‌కు, పుష్‌రాడ్‌కు మధ్య ఉండే, లోపల కుంగని ముక్క) పెట్టి, ఇంజన్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పండి. మార్కర్ చెరిగిన గీత సన్నగా, కొస మధ్యకు దగ్గరగా ఉండాలి. వెడల్పుగా ఉంటే జామెట్రీ కుదరలేదన్నమాట, వాల్వ్ గైడ్ పక్కలకు అరిగిపోతుంది. పొడవు మార్చుకోగల చెకింగ్ పుష్‌రాడ్ ఒకటి దగ్గరుంటే సన్నటి గీత ఎక్కడొస్తుందో తేలికగా దొరుకుతుంది. ఆ కొలతతోనే పుష్‌రాడ్లు తెప్పించుకోవాలి, ముందు కాదు.

గైడ్ ప్లేట్లు (పుష్‌రాడ్ పక్కకు జరగకుండా పట్టే రేకులు) ఉంటే గట్టిపరిచిన పుష్‌రాడ్లే వాడాలి. వాల్వ్ కొస మీద తమంతట తామే నిలిచే సెల్ఫ్ అలైనింగ్ రాకర్లను గైడ్ ప్లేట్లతో కలపకూడదు. స్టడ్ మూడు బై ఎనిమిదా, ఏడు బై పదహారు అంగుళాలా అన్నది ఆర్డర్ పెట్టేముందే కొలిచి చూసుకోండి. చివరిగా వాల్వ్ కవర్: పాలీలాక్‌లు (రాకర్లను బిగించే లాక్ నట్లు) ఎత్తుగా ఉంటాయి, కవర్ లోపలి రేకులకు తగలొచ్చు. కవర్ లోపల మెత్తటి క్లే అద్ది, బిగించి, ఇంజన్‌ను చేత్తో తిప్పి తీస్తే ఎక్కడ నొక్కుకుందో కనిపిస్తుంది. దాన్నిబట్టి మందపాటి గ్యాస్కెట్ చాలా, ఎత్తు కవర్లు కొనాలా అన్నది తేలిపోతుంది.