బాదువాన్‌జిన్ నేర్చుకునేవాళ్లు ముందు కాళ్లు చూసుకోవాలి

చైనాలో పొద్దున్నే పార్కుల్లో పెద్దవాళ్లు గుంపుగా చేసే కసరత్తుల్లో బాదువాన్‌జిన్ ఒకటి. ఉన్నవి ఎనిమిది కదలికలే. పేరు సాంగ్ రాజుల కాలం (10–13 శతాబ్దాలు) నాటిది. ఇప్పుడు వీడియోల్లో ఎక్కువగా కనిపించేది మాత్రం అక్కడి క్రీడాశాఖ 2003లో ఖరారు చేసిన పద్ధతి. మొదటి ఏడూ ఆరేసి సార్లు (ఎడమ, కుడి ఉన్నవి ఒక్కో పక్కకి మూడేసి), చివరిది ఏడుసార్లు. మొత్తం సుమారు 12 నిమిషాలు. ఏడెనిమిది నిమిషాల్లో ముగిసిందంటే పరుగెత్తారన్నమాటే.

వీడియో చూసి నేర్చుకునేవాళ్ల చూపంతా చేతుల మీదే ఉంటుంది. కష్టమంతా నడుము కింద. పాదాలు భుజాలంత ఎడంగా, వేళ్లు నేరుగా ముందుకి. మోకాళ్లు కాస్త సడలించి, కూర్చోబోతున్నట్టు తుంటి దించాలి. నాలుక కొన అంగిటికి ఆనించి, ముక్కుతోనే గాలి పీల్చి వదలాలి. ఊపిరిని కదలికతో కలపడం తర్వాత సంగతి. మొదట్లోనే బలవంతాన కలిపితే ఛాతీ బిగుస్తుంది, తల తిరుగుతుంది.

మొదటి కదలికలో బొడ్డు కింద వేళ్లు పెనవేసి, ఛాతీ దాకా ఎత్తి, అక్కడ అరచేతులు తిప్పి పైకి నెట్టాలి. చూపు చేతుల వెంట పైకి వెళ్లాలి. తర్వాత గడ్డం దించి, ఎదురుగా చూస్తూ రెండు క్షణాలు ఆగాలి. చాలామంది తల వెనక్కి వాల్చే ఉంచేస్తారు, నడుము విల్లులా వంగుతుంది, మర్నాడు వీపు నొప్పి.

రెండోది విల్లు లాగడం. కాళ్లు బాగా ఎడం చేసి గుర్రపు నిలుపులో దిగాలి, గోడ లేని గోడకుర్చీ అనుకోండి. మోకాలు పాదం వేళ్ల వైపే చూడాలి. లోపలికి వాలితే కీలు లోపలి పక్క నొస్తుంది. తొడలు ఓర్చుకోలేకపోతే ఎత్తుగా నిలబడండి, వంకరగా మాత్రం దిగొద్దు.

మూడు, నాలుగు సులువు. ఒక చెయ్యి పైకి, ఒకటి కిందికి నెట్టడం. భుజాల మీదుగా వెనక్కి చూడటం. నాలుగోదాంట్లో మెడే తిరగాలి, నడుము తిరగకూడదు.

తడబడేది ఐదో దగ్గర. గుర్రపు నిలుపులోనే ఒంటిని పక్కకి వంచి, తలనీ తుంటినీ గుండ్రంగా తిప్పాలి. మెడ అరుగుదల ఉన్నవాళ్లు తల తిప్పడం మానేసి, కుర్చీ అంచున కూర్చుని నడుము వరకే తిప్పితే చాలు. ఆరోది వీపు మీంచి చేతులు జార్చుకుంటూ పాదాల దాకా వంగడం. డిస్కు నొప్పి ఉంటే మోకాళ్ల దగ్గరే ఆగాలి. గ్లకోమా, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లు తల కిందికి వేలాడేయకూడదు. ఏడోదాంట్లో బొటనవేలు పిడికిలి లోపల ఉంటుంది. గుద్దు నెమ్మదిగా, కళ్లు మాత్రం ఉరిమి చూడాలి.

కొన్ని కదలికల పేర్లలో కడుపు, గుండె, మూత్రపిండాల ప్రస్తావన ఉంటుంది. ఎనిమిదోదైతే నూరు రోగాలు పోగొడుతుందట! వాటిని క్రమం గుర్తుంచుకునే పాటగా తీసుకోండి, మందులు ఆపకండి.

ఆ ఎనిమిదోదాంట్లో మడమలెత్తి, ఒక్క క్షణం ఆగి, సగం దూరం నెమ్మదిగా దించి, మిగతా సగం తేలిగ్గా వదలాలి. దభీమని పడితే అదురు వెన్ను దాకా పోతుంది. ఎముకలు బలహీనపడినవాళ్లు కుర్చీ వీపు పట్టుకుని, మడమల్ని పూర్తిగా నెమ్మదిగానే దించాలి.